పిల్ల దక్కితే

3 ఏప్రిల్ 1961

మద్రాసు పోతున్నాం. మధ్యాహ్నం అన్నం తింటూ, మజ్జిగ పోయించుకుంటూ ఆయనే అన్నారు. "వడ్లు ఇంటికొచ్చేసినాయి గదా కామాక్షీ, ఈ ఎండాకాలం పిల్లకాయల్ని తీసుకొని మద్రాసు పోయొద్దాం." పెళ్లయి ఇన్నేళ్లకు ఆయన నోట ఆ మాట విన్నాను. మజ్జిగ పళ్లెం దాటి కింద పోసేశాను.

చిన్నప్పుడు మా మేనమామ మద్రాసు పోయొచ్చి, అక్కడ చచ్చిన కాలేజీ ఒకటి, బతికిన కాలేజీ ఒకటి ఉన్నాయని చెప్పేవాడు. చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకలు దూలానికి వేలాడదీసి ఉంటాయట. బతికిన కాలేజీలో పులి మన ఎదురుగానే ఆవలిస్తుందట. మ్యూజియం, జూ అని తర్వాత బడిలో నేర్చుకున్నాను కానీ నాకు మామ చెప్పిన పేర్లే ఇష్టం. ఆ రెండు కాలేజీలూ చూడకుండా నేను చావకూడదు. తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు, నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు, ఇంతేనా బతుకు?

ఆయన చెయ్యి కడుక్కుని పెరట్లోంచి చెప్పారు, "అమ్మ కూడా వస్తుంది" అని. అడగలేదు, చెప్పారు. అదీ చెయ్యి కడుక్కున్నాక చెప్పారు.

పోనీలే. కన్నతల్లిని ఒక్కదాన్నీ వదిలి ఎలా వస్తారు? ఆయన మనసు అలాంటిది.

5 ఏప్రిల్

అత్త అప్పుడే మూటలు మొదలుపెట్టింది. ప్రయాణం మే నెలలో. మొలగొలుకుల బియ్యం ఒక సంచి, చింతకాయ తొక్కు ఒక జాడీ, కుంపటి, బొగ్గులు. మద్రాసులో బియ్యం దొరకవా అత్తా అంటే, "దొరుకుతాయి. అవి తింటే మళ్లా ఆకలేస్తాది" అంది. సత్రంలో వండేదెవరో చెప్పనక్కర్లేదు. నేను మద్రాసు పోయి కూడా కుంపటి ముందే కూర్చోవాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతటితో అయిపోతే బాగుండేది. సాయంత్రం వక్క నములుతూ, "మద్రాసుకేమిలే, పోదాం. ముందు కొండకు పోవాల. మొక్కుండాది" అంది.

"ఏం మొక్కు?"

"ఉండాదిలే."

ఆమె మొక్కులు నాకు కొత్తా? ఆయన కడుపులో ఉండగా కసుమూరు దర్గాలో మస్తానుకు మొక్కింది, అందుకే ఆయనకు ఆ పేరు పెట్టింది. బర్రె ఈనకపోతే పెంచలకోనకు, మా కూతురు విమలకు తట్టు పోస్తే జొన్నవాడకు. ఏ దేవుణ్నీ ఊరికే కూర్చోనివ్వదు. ఇప్పుడు నా మద్రాసుకు అడ్డంగా తిరుపతి కొండనే తెచ్చి పెట్టింది.

ఆయన వైపు చూశాను. పేపరులోంచి తల ఎత్తలేదు. తల్లికీ పెళ్లానికీ మధ్య మగవాడు ఏమంటాడు పాపం.

9 ఏప్రిల్

ఇంకో పిడుగు. కొండకు పోయినవాళ్లు తిరిగి నేరుగా ఇంటికే రావాలట, దారిలో ఇంకో ఊరు తొక్కకూడదట. అలా తొక్కితే పుణ్యం అక్కడే దిగిపోతుందట. ఈ మాట ఆయన చెప్పారు. ముందు కొండ అంటుంది ఆమె. కొండ అయ్యాక ఇల్లు అంటారు ఈయన. ఇక మద్రాసును ఏ సందులో పెట్టమంటారు?

ఇదంతా అత్త నేర్పిందే అయ్యుంటుంది. ఆయనకు ఇలాంటివి ఏం తెలుసు?

10 ఏప్రిల్

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. చేపల పులుసులో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు.

14 ఏప్రిల్

ఆమినాబీ వచ్చింది, జాకెట్లకు కొలతలు తీసుకోవడానికి. ఆమె మొగుడు మౌలా మిషను కుడతాడు, ఆడవాళ్ల కొలతలు ఆమె తీసుకుంటుంది. ఎనిమిదేళ్ల కింద మొదటి కాన్పుకు నేను చావు బతుకుల్లో ఉన్నప్పుడు నీళ్లు కాచి ఇచ్చింది ఈ ఆమినాబీయే. టేపు నా వీపు మీద పెట్టి జడ పక్కకు తీసి, "ఇంత జుట్టు. కొండకు పోతే మళ్లా ఎన్నేళ్లకు వస్తాదో" అంది.

"నా జుట్టుకేమయింది?"

ఆమె నాలుక కరుచుకుంది. నేను వదల్లేదు. చివరికి చెప్పింది. ఆ కాన్పు పొద్దు అత్త పెరట్లో నిలబడి పడమటికి దండం పెట్టి మొక్కిందట, పిల్ల దక్కితే కామాక్షి తల ఇప్పిస్తా స్వామీ అని.

"నీకు తెలీదా అక్కా? నీకు చెప్పుంటారనుకున్నా."

ఊళ్లో కుట్టు మిషనుకు కూడా తెలుసు. తల నాది, నాకు తెలియదు.

15 ఏప్రిల్

పొద్దున్నుంచీ అదే మాట చెవిలో రొద పెడుతోంది, ఇప్పిస్తా, ఇప్పిస్తా అని. ఇస్తా అంటే తన తల ఇవ్వాలి. ఇప్పిస్తా అంటే ఎవరి తల అయినా ఫరవాలేదు. ఎనిమిదో తరగతిలో తెలుగు అయ్యవారు దీన్ని ప్రేరణార్థకం అన్నారు. చేయు, చేయించు. ఇచ్చు, ఇప్పించు. అప్పుడు బట్టీ పట్టాను, అర్థం ఇప్పుడు తెలిసింది.

మా నాన్న ఆ ఎనిమిదిలోనే నన్ను బడి మాన్పించాడు. ముక్కు కుట్టించారు. తాళి కట్టించారు. ఇంటికి పిలిపించారు, పంపించారు, వండించారు, బిడ్డల్ని కనిపించారు. నా బతుకులో 'ఇంచు' లేని పని ఒక్కటి చూపిస్తే వాళ్ల కాళ్లకు దండం పెడతాను. తెలుగులో ఈ ముక్క పెట్టిన మహానుభావుడెవరో, ఆయన్ను ఒక్క ఏడాది మా ఇంట్లో కోడలిగా ఉంచాలి.

పైగా బిడ్డ దక్కలేదు. మగబిడ్డ, కళ్లు తెరవకుండానే పోయాడు. ఆ తర్వాత విమల పుట్టింది, బుజ్జోడు పుట్టాడు. అయినా నాకు ఆ ముఖం మరుపు రాలేదు. దేవుడు బిడ్డను ఇవ్వలేదు కదా. బేరం కుదరని సరుకుకు నేనెందుకు తల ఇవ్వాలి? ఇంత చిన్న న్యాయం మా అత్త వెంకటశేషమ్మగారి బుర్రకు ఎందుకు ఎక్కదో.

16 ఏప్రిల్

అడిగేశాను. అత్త చేటలో బియ్యం చెరుగుతూ ఉంది.

"నా తల మొక్కుకున్నావంట."

చేట ఆగలేదు. "ఆమినాబీ నోట్లో నువ్వుగింజ నానదు" అంది.

"నన్నడిగినావా?"

"అడిగేదానికి నీకు తెలివుంటే గదా. కళ్లు తేలేసి పడుంటివి."

అది నిజమే, అందుకే ఇంకా మండింది. "తరవాతన్నా అడగొచ్చు గదా, ఇన్నేళ్లుంది."

"నువ్వు ఏడస్తానే ఉంటివి. ఏడ్చే దాన్ని తల అడిగేది ఎట్టా?"

"మూడు కత్తెర్లు ఇస్తా. అంతే."

"మూడు కత్తెర్లని మొక్కలే. తలని మొక్కినా."

నాకు పట్టు తప్పింది. గొంతు చించుకుని అన్నాను, "బిడ్డ బతకలా. నీ దేవుడు మాట తప్పినాడు. నేను మాత్రం ఇయ్యాల్నా?" అని. అత్త చేట కింద పెట్టింది. ఏదో అనబోయింది. వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. నోరు మూసుకుని, చేట ఎత్తుకుని కొట్టంలోకి పోయింది.

ఎంత గడుసుది. కొడుకు వస్తే నోట్లోంచి మాట రాదు, మంచి పేరు ముఖ్యం కదా. ఆయన వచ్చి, "అమ్మతో ఏంది ఆ అరుపులు" అని నన్నే అన్నారు. ఆయనకు జరిగింది తెలియదు, ఏం చేస్తారు.

అత్తా ఒకింటి కోడలే అంటారు. అయితే మరిచిపోయి ఉంటుంది.

21 ఏప్రిల్

ఆయన మధ్యవర్తిత్వం చేశారు. మూడు కత్తెర్లు ఇస్తాను, కొండ నుంచి మద్రాసు తీసుకుపోతారు. అత్త ఊరుకుంది అంటే ఒప్పుకున్నట్టే. చూశావా కామాక్షీ, ఆయన నీ పక్షమే.

26 ఏప్రిల్

జాకెట్లు వచ్చాయి. ఆకుపచ్చది చంకలో బిగుతుగా ఉంది.

30 ఏప్రిల్

బియ్యం సంచి పక్కన ఇంకో సంచి చేరింది. అందులో ఏముందని అడగను. అడిగితే చెబుతుంది.

2 మే, రైలులో

గూడూరులో బండి చాలాసేపు ఆగింది. మద్రాసు దారి తిన్నగా పోయింది, మేము కొండ దారికి తిరిగాం. కిటికీలోంచి ఆ పట్టాలు కనబడకుండా పోయేదాకా చూశాను. అత్త నాకు అరటిపండు ఇచ్చింది, తీసుకోలేదు. విమల నా వాటా కూడా తినేసింది. కుదుపులకు అక్షరాలు పేనుల్లా పాకుతున్నాయి.

4 మే, కొండ మీద

నిన్న జరిగింది వరుసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం కలగదు.

ఆయన బుజ్జోణ్ని ఎత్తుకుని గది కోసం పోయారు. నేనూ అత్తా విమలా కల్యాణకట్ట దగ్గర వరుసలో కూర్చున్నాం. నేల తడిగా ఉంది, ఎక్కడ చూసినా జుట్టు. కొందరు ఆడవాళ్లు నున్నటి తలలకు గంధం పూసుకుని నవ్వుకుంటూ పోతున్నారు. నోరు మూసుకుని మూడు కత్తెర్లు వేయించుకుని లేచిపోదామనుకున్నాను కానీ నా నోరు ఎప్పుడు మూతపడింది కనుక.

"మూడు కత్తెర్లు ఇచ్చేస్తా అత్తా. ఒకటి మాత్రం చెప్పు. దక్కని బిడ్డకు మొక్కేంది? దాన్ని ఇన్నేళ్లు ఎందుకు మోస్తా ఉండావు?"

అత్త విమల రిబ్బను సరిచేస్తోంది. నా వైపు చూడకుండానే, "బిడ్డ కోసరం మొక్కినానని నీకెవురు చెప్పినారు?" అంది.

"ఆమినాబీ. పిల్ల దక్కితే అన్నావంట."

"అన్నా."

"మరి?"

"పిల్లంటే నువ్వు గదమే. లోపలుండేది ఆడో మగో నాకెట్టా తెలస్తాది, పిల్ల అనేదానికి? బిడ్డకయితే బిడ్డ అనేదాన్ని. నర్సమ్మ ఎలిశబెతు బయటికొచ్చి ఇద్దర్లో ఒకరే మిగిలేది అనింది. నేను పిల్లను చూడమ్మా అన్నా. పెరట్లోకి పోయి ఆ స్వామికీ అదే చెప్పినా. బిడ్డలు మళ్లా పుడతారు. నువ్వు మళ్లా పుడతావా?"

ఆమె నన్ను ఎప్పుడూ పిల్లా అనే పిలిచేది, కాపరానికి వచ్చిన కొత్తలో. పిల్లా నీళ్లు తే, పిల్లా దీపం పెట్టు. ఆ కాన్పు తర్వాత పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఎందుకు మార్చిందో నేను పట్టించుకోలేదు.

మా వంతు వచ్చింది. మంగలి కత్తి నీళ్లలో ముంచి, "మూడు కత్తెర్లా తల్లీ?" అన్నాడు. అత్త "ఊ" అంది.

నేను "కాదు, గుండు" అన్నాను.

అత్త "వద్దులేమే, ఏదో ముసలిదాన్ని మొక్కినా" అంటూనే ఉంది. నువ్వు ఊరుకో అన్నాను. కోపం పోయి ఇచ్చానని అనుకుంటే పొరపాటు. కోపంతోనే ఇచ్చాను. ఎనిమిదేళ్లు తనను తిట్టుకోనిచ్చిందే, ఒక్క మాట చెప్పకుండా, దానికి కోపం. నన్ను ఇంత తప్పు మనిషిని చేసినందుకు కోపం. జుట్టు ఒళ్లోకి పడుతుంటే చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. తలకు గాలి తగిలితే ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలియదు.

అప్పుడు ఆయన వచ్చారు. నన్ను చూసి అటూ ఇటూ చూశారు, ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారేమోనని.

"ఏంది ఇది? మూడు కత్తెర్లు గదా అనుకునింది."

"నేనే ఇచ్చినా" అన్నాను.

"ఇట్టా మద్రాసుకెట్టా పోయేది? నా స్నేహితుడు స్టేషనుకు వస్తాడు. నలుగురూ ఏమనుకుంటారు? అయినా కొండ నుంచి నేరుగా ఇంటికే పోవాలంటారు. జుట్టు పెరిగినాక చూద్దాంలే మద్రాసు."

అత్త పడుచుపిల్లలా లేచింది. ఆమె మోకాళ్ల నొప్పులన్నీ ఏమయ్యాయో.

"దాని గుండుకు నీకు సిగ్గేందిరా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకోనే గదా ఇన్నేళ్లు ఉండింది. నర్సమ్మ మొదట నిన్నే గదా అడిగింది, వాకిట్లో. ఎవుర్ని చూడమంటారయ్యా అని. ఏమన్నావు?"

"ఇప్పుడు ఆ మాటెందుకమ్మా."

"బిడ్డ అన్నావు. ఎనక్కి తిరిగి లోపలికన్నా చూడకుండా బిడ్డ అన్నావు. నేను మధ్యలో పడి కాదమ్మా పిల్లను చూడు, ఇంటికి పెద్దదాన్ని నేను అంటే, ఆమె నా మాట వినింది. అది ఈ పొద్దు నీ ఎదురుగా గుండుతో నిలబడుండాదంటే అందుకు. దాన్ని మద్రాసుకు తీసకపోతావా, నేను తీసకపోవాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. విమల నా చెయ్యి పట్టుకుని నా తల వైపే చూస్తోంది. ఆయన కాదనలేదు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను, కాదంటారేమో, అమ్మకు మతి తప్పింది అంటారేమో అని. ఆయన కింద నేల వైపు చూశారు.

ఆయన పేపరులోంచి తల ఎత్తకపోవడం, పళ్లెంలోంచి ఎత్తకపోవడం, అన్నీ నాకు మంచితనంలా కనబడేవి.

5 మే

బిడ్డ అన్నాడు.

5 మే, మళ్లీ

దర్శనంలో దేవుణ్ని చూశానో లేదో గుర్తులేదు. బిడ్డ అన్నాడు. నేను కాన్పు గదిలో తెలివి తప్పేదాకా పళ్లు బిగబట్టుకుని ఆయన పేరు తలుచుకుంటూ ఉన్నాను అప్పుడు, పైకి అనకూడదని లోలోపల.

ఈ పుస్తకం ముందు పేజీలు తిరగేశాను. ఆయన మనసు అలాంటిది అట. మగవాడు ఏమంటాడు పాపం అట. ఆయన నీ పక్షమే అట. నా చేతిరాతే. చూస్తుంటే అసహ్యం వేసింది, పేజీలు చించేద్దామనుకున్నాను. ఉండనీ. తిట్టవలసిన తిట్లన్నీ ఆమెకు పెట్టాను, చూపించవలసిన జాలి అంతా ఈయనకు చూపించాను. కామాక్షమ్మగారి తెలివి ఇది.

అత్తను అడిగాను, ఆ రోజు చేట పట్టుకుని ఎందుకు చెప్పలేదని. "చెప్తే నీ కాపరం ఏమవుతాది? నా మీద కోపమంటావా, అది నాకు అలవాటే" అంది. మళ్లీ కోపం వచ్చింది. నా కాపరం సంగతి కూడా ఈమే నిర్ణయించింది. ఈ ఇంట్లో నన్ను ఒక మాట అడిగిన మనిషి ఒక్కరూ లేరు, నా ప్రాణం నిలబెట్టిన మనిషితో సహా. ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలనీ ఉంది, ఆ వక్కల సంచి లాగి పారేయాలనీ ఉంది.

6 మే

రేణిగుంటలో గూడూరు బండి ఒక పక్క, మద్రాసు బండి ఒక పక్క. ఆయన పెట్టె పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. అత్త బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని ఎవరినీ అడగకుండా మద్రాసు బండి ఎక్కింది. వెనక విమల, వెనక బుజ్జోణ్ని ఎత్తుకుని నేను. బండి కూత వేశాక ఆయన పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. ఎవరూ జరిగి చోటు ఇవ్వలేదు. తలుపు దగ్గర పెట్టె మీద కూర్చున్నాడు.

8 మే, మద్రాసు

చచ్చిన కాలేజీ చూశాం. మామ అబద్ధం చెప్పలేదు, తిమింగలం ఎముకలు మా ఇంటి పొడవున్నాయి. అత్త కింద నిలబడి చాలాసేపు చూసి, "దీన్ని ఏ కుండలో పులుసు పెట్టినారో" అంది. నేను నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. బతికిన కాలేజీలో పులి ఆవలించలేదు, పడుకుంది. జనం పులిని చూసినంతసేపూ నా తలనూ చూశారు. చూడనీ. కొంగు కప్పుకోలేదు.

ఆయన స్నేహితుడు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

సాయంత్రం సముద్రం ఒడ్డున అత్త పిల్లల కాళ్లు కడుగుతోంది. ఆయన వచ్చి నాకు కాస్త దూరంలో ఇసుకలో కూర్చున్నాడు. కొండ దిగాక ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. అటు తిరిగే అన్నాడు, "అప్పుడు నర్సమ్మ నిన్నే అడిగుంటే నువ్వేమనేదానివి?"

"నన్ను అడగలా గదా" అన్నాను. లేచి పిల్లల దగ్గరికి పోయాను.

ఆయన ఈ పుస్తకం చదవడు, నావి ఏవీ చదవడు, కనుక ఇక్కడ రాస్తాను. నన్ను అడిగి ఉంటే నేనూ బిడ్డ అనే అనేదాన్ని. క్షణం ఆలోచించేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు, తెలిసే అడిగాడు, ఇద్దరిదీ ఒకటే మాట అయితే తన తప్పు పోతుందని. పోదు. అది నేను అనాల్సిన మాట. ఆయన వాకిట్లో నిలబడి అనేశాడు.